ఓడ మీద అయిదు రోజులు

ఇర్వింగులో మనకు కొరత అంటూ ఉంటే అది సముద్రం ఒక్కటే. గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, 1974లో తెరిచిన విమానాశ్రయం గుమ్మం ముందే ఉంది, 2014లో గాంధీగారి విగ్రహం కూడా వచ్చి నిలబడింది. సముద్రం చూడాలంటే మాత్రం దక్షిణంగా మూడు వందల మైళ్లకు కాస్త తక్కువగా కారు నడపాలి. ఆ రోడ్డు చివర గాల్వెస్టన్ అనే లంక, ఆ లంకలో ఒక రేవు, ఆ రేవులో మేడల్లాంటి విహార నౌకలు ఉంటాయి.

ఈమధ్య మనవాళ్లలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, పప్పు వడ్డించిన దగ్గర నుంచి పెరుగన్నం కలిపేలోపు ఈ ఓడల ప్రసక్తి ఒక్కసారైనా వస్తుంది. వెళ్లివచ్చినవారు రెండు రకాలుగా కనిపిస్తారు. ఓడ మీద తిన్నవాటి గురించి చెప్పేవారు ఒక రకం, ఓడ మీద తినలేకపోయిన వాటి గురించి చెప్పేవారు రెండో రకం. మేమూ తిన్నాం గాని, ఆ జాబితా ఇక్కడ ఇవ్వబోవడం లేదు. మా ప్రయాణంలో చెప్పుకోదగ్గ సంగతులు వేరే కొన్ని ఉన్నాయి.

అసలు సముద్రం మీద షికారు అనేది మన ఇళ్లలో అలవాటైన మాట కాదు. సముద్రం దాటితే ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్న కాలం మన ముత్తాతలది. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మూడు మునకలు వేసి రావడం తాతలది. సముద్రం అంటే వేట, ఉప్పు, వాయుగుండం. డబ్బు కట్టి నీళ్ల మీద కొన్ని రోజులు తిరిగి, బయలుదేరిన చోటికే మళ్లీ వచ్చి దిగడం అంటే మన ఊళ్లో ఎవరైనా నవ్వుతారు.

మేమిద్దరం వెళ్లడానికి కారణం చాలా సామాన్యమైనది. మాలో ఒకరిది ఆసుపత్రి ఉద్యోగం, రాత్రి డ్యూటీలు. ఇంకొకరిది కంప్యూటర్ల పని. హైదరాబాదులో తెల్లవారేసరికి ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఒకే ఇంట్లో ఉంటూ ఫ్రిజ్ తలుపు మీద చీటీలు అంటించుకుని మాట్లాడుకునే కాపురం. పనిదినాలు అయిదూ ఇద్దరికీ ఒక్కసారే సెలవు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. దొరికింది జనవరిలో, సంక్రాంతి వెళ్లిన తరువాత. ఫోను పనిచెయ్యని చోటికి వెళ్లాలన్నది ఒక్కటే మా కోరిక.

ఈ మాట అవనిగడ్డలో ఉన్న అమ్మకు చెప్పాం. ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మ అనే పిలుస్తాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆకాశం మీద వెళ్లండి, నేల మీద వెళ్లండి. నీళ్ల మీదకి ఎందుకర్రా?" అంది.

దివిసీమ తెలిసినవారికి ఈ ప్రశ్న విడమర్చి చెప్పనక్కర్లేదు. తెలియని చిన్నవారి కోసం చెబుతున్నాం. 1977 నవంబరు 19, కార్తీకమాసం, శనివారం. ఆ రోజు పెనుగాలి వెనకాల సముద్రం లేచి కృష్ణా డెల్టా చివరి ఊళ్ల మీద పడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. గొడ్లు లెక్కకు అందలేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పల్లెల పేర్లు అప్పటిదాకా తాలూకా దాటి ఎవరికీ తెలియవు. ఆ వారంలో దేశమంతటికీ తెలిశాయి. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో అప్పటికి అమ్మకు తొమ్మిదేళ్లు, ఆమె చెల్లెలికి నాలుగేళ్లు. అమ్మ బతికింది. చెల్లెలు లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఈ రెండు ముక్కలే. మిగతాది ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. అడగకపోవడమే ఇన్నాళ్లూ ఆ ఇంటి మర్యాదగా సాగింది.

చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. ఓడ ఎక్కేముందు ఒక ఫోను, రేవు రేవుకూ ఒక ఫోను, దిగగానే ఒక ఫోను. "దిగగానే" అన్న మాట ఆమె మా చేత రెండుసార్లు అనిపించుకుంది.

శనివారం పొద్దున్నే ఇడ్లీలు మూట గట్టుకుని బయలుదేరాం. డాలస్ నుంచి గాల్వెస్టన్ దాకా ఒకటే రోడ్డు, ఇంటర్‌స్టేట్ 45. రాష్ట్రం పొలిమేర దాటకుండా టెక్సాసులోనే మొదలై టెక్సాసులోనే ముగిసే రోడ్డు అది. దారిలో హంట్స్‌విల్ దగ్గర చెట్ల మీదుగా తెల్లటి శామ్ హ్యూస్టన్ విగ్రహం కనిపిస్తుంది. మనిషే అరవై ఏడు అడుగులు, కింద దిమ్మె పది అడుగులు. 1994లో నిలబెట్టారు. సినిమా నటుల కటౌట్లు చూసి పెరిగిన మన కళ్లకు అది పెద్ద వింత కాదుగాని, కాళ్లు చాపుకోవడానికి మంచి మజిలీ.

హ్యూస్టన్లో ఆ సాయంత్రం రెండు చోట్లకు వెళ్లాం. మొదటిది టెక్సాస్ మెడికల్ సెంటర్. ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చి ఆసుపత్రులు చూడటం ఏమిటని మాలో ఒకరు విసుక్కున్నమాట నిజమే. కాని వైద్యం చదివినవారికి అది యాత్రాస్థలం. ప్రపంచంలో అంతపెద్ద వైద్య సముదాయం మరొకటి లేదు. డెంటన్ కూలీ 1968లో ఒకరి గుండె ఇంకొకరికి అమర్చి రోగిని బతికించిందీ, 1969లో మొట్టమొదటిసారి మనిషి ఛాతీలో పూర్తి కృత్రిమ హృదయం పెట్టిందీ ఇక్కడే. కారులోంచే చూసి, మనసులో ఒక దండం పెట్టి ముందుకు కదిలాం. రెండోది పేర్లాండులోని మీనాక్షి అమ్మవారి గుడి. గోపురం, కోనేరు, పులిహోర అన్నీ సక్రమంగా ఉన్నాయి. "ఓడ ఎక్కుతున్నారా? మొన్న మావాళ్లూ వెళ్లారు," అంటూ పక్కన కూర్చున్న పెద్దావిడ అక్కడి తిండి గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం గాల్వెస్టన్. ఓడ మర్నాడు గనక రోజంతా ఊరు చూడటానికి దొరికింది. చాలామంది ఈ ఊరిని కారు పెట్టే చోటుగానే చూస్తారు. మేమూ ఒక గంటలో చూసేద్దామనే అనుకున్నాం. సాయంత్రం దాకా కదలలేకపోయాం.

1900 నాటికి గాల్వెస్టన్ టెక్సాసులోకెల్లా ధనికమైన ఊళ్లలో ఒకటి. పత్తి ఇక్కడి నుంచే ఎగుమతి. రాష్ట్రంలో మొదటి ప్రభుత్వ వైద్య కళాశాల 1891లో ఇక్కడే పెట్టారు. ఆ ఎర్రటి భవనం నేటికీ ఉంది. లంక మొత్తం మీద ఎత్తయిన చోటు తొమ్మిది అడుగులకు మించదు. గోడ కట్టుకుందామని కొందరు అన్నా, ఇంతవరకూ రానిది ఇప్పుడేం వస్తుందని మిగతావారు అన్నారు. 1900 సెప్టెంబరు 8, అదీ శనివారమే, తుఫాను వచ్చింది. పదిహేను అడుగుల పైచిలుకు నీరు ఊరి మీదుగా నడిచింది. ఊళ్లో ఆరు వేల నుంచి ఎనిమిది వేల మంది పోయారని లెక్క. అమెరికా చరిత్రలో ఏ ప్రకృతి వైపరీత్యమూ ఒక్క దెబ్బకు అంతమందిని తీసుకుపోలేదు. వాతావరణ కార్యాలయం అధికారి ఐజక్ క్లైన్ భార్య కూడా అందులోనే పోయింది. శవాలను పడవల్లో తీసుకుపోయి సముద్రంలో వదిలితే అవి మళ్లీ ఒడ్డుకే కొట్టుకొచ్చాయి. చివరికి ఎక్కడివక్కడ చితులు పేర్చి కాల్చారు.

సముద్రపు గోడ మీద నడుస్తుంటే ఒకచోట ఫలకం కనిపిస్తుంది. అక్కడ సెయింట్ మేరీస్ అనాథాశ్రమం ఉండేది. నీళ్లు పెరుగుతుంటే సన్యాసినులు బట్టలు ఆరేసే తాడు తెప్పించి, చిన్నపిల్లలను తమ నడుములకు కట్టుకున్నారట, ఎవరూ జారిపోకుండా. పదిమంది సన్యాసినులూ తొంభైమంది పిల్లలూ పోయారు. ముగ్గురు పెద్ద కుర్రాళ్లు మాత్రం ఒక చెట్టు పట్టుకుని బతికారు. ఆ ఫలకం ముందు మేము చాలాసేపు నిలబడ్డాం. ఇద్దరం ఒకరే గుర్తొచ్చి మాట్లాడలేదు.

తరువాత ఆ ఊరివాళ్లు చేసిన పని వినదగ్గది. 1902లో గోడ మొదలుపెట్టి 1904కు మొదటి భాగం పూర్తిచేశారు. ఎత్తు పదిహేడు అడుగులు, పొడవు మూడు మైళ్ల పైన. దరిమిలా పెంచుకుంటూ పోయి ఇప్పుడు పది మైళ్లయింది. గోడతో ఊరుకోక, ఊరినే పైకెత్తారు. రెండు వేలకు పైగా ఇళ్లూ కట్టడాలూ జాకీల మీద లేపి, వాటి కింద సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాలతో పంపారు. మూడు వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని కూడా అయిదడుగులు లేపారు. ఈ పని 1911 దాకా సాగింది. అన్నేళ్లూ జనం చెక్క వంతెనల మీద నడిచి వీధులు దాటారు. 1915లో మళ్లీ అలాంటి తుఫానే వస్తే గోడ ఆగింది, ఊరు నిలిచింది. 2008లో ఐక్ తుఫాను వచ్చినప్పుడు మాత్రం నీళ్లు వెనక అఖాతం వైపు నుంచి తిరిగి వచ్చి ఊరిని ముంచాయి. గోడ ముందునుంచి వచ్చేదాన్నే ఆపగలదు.

మన దివిసీమలో కూడా 1977 తరువాత కాంక్రీటు తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు చెప్పే ఏర్పాట్లు మారాయి. 1990 మేలో దాదాపు అంత తీవ్రమైన తుఫానే వచ్చినా, లక్షల మందిని ముందుగా తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యికి లోపు ఉంది. ఒక్క మనిషి పోయినా పోయినట్టే. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా అంతా బతికిన మనుషులేనని వైద్యం చేసేవారికి వేరే చెప్పాలా? అన్నట్టు, సైక్లోన్ అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుఫానుల్లో మన కోరంగిని 1789లో ముంచిన తుఫాను కూడా ఉంది. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన గోదావరి పాయ నీళ్లు కొన్ని ఉన్నాయన్నమాట.

సోమవారం మధ్యాహ్నం అమ్మకు ఫోను చేసి ఓడ ఎక్కాం. ఎక్కగానే చేయించే మొదటి పని ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో చూపించడం. ప్రయాణికుల్లో సగంమంది చేతిలో రంగురంగుల గ్లాసులతో దిక్కులు చూస్తుంటారు. మేము బుద్ధిమంతులైన విద్యార్థుల్లా విన్నాం. 1912లో టైటానిక్ మునిగినప్పుడు ఓడలో రెండు వేల రెండు వందల మంది ఉంటే, పడవల్లో చోటు 1,178 మందికే. ఆ తరువాత, 1914లో దేశాలన్నీ కూర్చుని నియమాలు రాసుకున్నాయి. ఆ నియమాల పుణ్యమే ఈ తతంగం. అమ్మ అడిగితే చెప్పడానికి పనికొస్తుందని పడవలు ఎన్నో లెక్కపెట్టుకున్నాం కూడా.

మంగళవారమంతా నీళ్లే. ఓడ మెల్లగా ఊగుతుంటే మాలో మందులు రాసే చేతికే మొదట వికారం పట్టుకుంది. దీని రహస్యం సులభం. గదిలో కూర్చుంటే కన్ను 'కదలడం లేదు' అంటుంది, లోపలి చెవి 'కదులుతున్నావు' అంటుంది. రెండు సాక్ష్యాలు పొసగక మెదడు పొట్ట మీద కోపం చూపిస్తుంది. విరుగుడు ఏమిటంటే, డెక్కు మీదకు వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండటం. ఇంటినుంచి తెచ్చిన శొంఠి కూడా బాగానే పనిచేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెరుగు ఎక్కడుందా అని తెలుగులో గొణుక్కుంటుంటే, వెనకనుంచి, "పెరుగన్నం కావాలా సార్?" అని వినిపించింది. వడ్డించే కుర్రాడిది భీమిలి దగ్గర ఊరు. ఎనిమిది నెలల కాంట్రాక్టు. అందులో అయిదు నెలలు గడిచాయి. పాపకు ఎనిమిది నెలలు. మూడు నెలల పిల్లప్పుడు చూశాడట, మళ్లీ ఎండల్లో చూస్తాడు. "మా నాన్నది తెప్ప సార్. రాత్రి వెళ్లి పొద్దున్న వచ్చేస్తాడు. నేనేమో ఇంత ఓడ ఎక్కి ఏడాదికోసారి ఇంటికెళ్తున్నాను. ఏది పెద్దదంటారు?" అన్నాడు. జవాబు మాకు తట్టలేదు. వంటింట్లోంచి చిన్న గిన్నెలో ఆవకాయ బద్దలు రెండు తెచ్చిపెట్టాడు. ఎక్కడివని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఫోన్లు మూగబోయిన ఆ రాత్రి డెక్కు మీద కూర్చుని మేమిద్దరం చాలాకాలానికి తీరిగ్గా మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నది ఎక్కువగా అమ్మ గురించే. నాన్నగారు పోయిన తరువాత ఆమె ఒంటరిగా ఉంటోంది. ఇక్కడికి రమ్మంటే ఆరు నెలలకు ఒప్పుకుంటుంది, ఆపైన ఒప్పుకోదు. దివిసీమను వదిలి రాలేకపోవడానికీ, దివిసీమలో జరిగినదాన్ని నోట పలకలేకపోవడానికీ ఏదో సంబంధం ఉందని అనిపించింది. అదేమిటో ఇద్దరికీ తెగలేదు.

బుధవారం కొజుమెల్. చాలామంది ఇక్కడ నీటి అడుగున పగడపు దిబ్బలు చూడటానికి దిగుతారు. మేము లంక నడుమ అడవిలో ఉన్న సాన్ హెర్వాసియో శిథిలాలకు వెళ్లాం. మాయా జాతివారికి ఇది పుణ్యక్షేత్రం. ఇష్‌చెల్ అనే దేవత ప్రసవాలకూ వైద్యానికీ అధిదేవత. ఆమెను దర్శించడానికి ఆడవాళ్లు దోనెల మీద సముద్రం దాటి వచ్చేవారట. సముద్రం దాటితే మనకు పాపం, వాళ్లకు పుణ్యం. 1519లో కోర్తెస్ ఈ లంకలోనే దిగి మెక్సికో మీదకు వెళ్లాడు. మరుసటి ఏడాదే మశూచి మెక్సికోలో అడుగుపెట్టింది; కత్తికంటె అదే ఎక్కువమందిని చంపింది. చెట్టు నీడన నిలబడి అమ్మకు రెండో ఫోను చేశాం. "గాలి ఉందా?" అని అడిగింది. ఆకు కూడా కదలడం లేదని చెప్పాం.

గురువారం ప్రోగ్రెసో. ఇక్కడ సముద్రం ఎంత లోతు తక్కువంటే, పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు. అందుకని రేవునే సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్లు పొడిగించారు. ఓడ దిగి, బస్సెక్కి, ఊరు చేరడానికే కాస్త సమయం పడుతుంది. మన కిత్తనార లాంటి హెనెకెన్ నారను ఎగుమతి చేయడానికి 1871లో పుట్టిన రేవు ఇది. ఒకప్పుడు తాళ్లు పేనడానికి ఈ నారను విరివిగా వాడేవారు. నైలాను వచ్చాక ఆ వైభవం పోయింది.

అక్కడికి దగ్గర్లోనే మెరీదా నగరం. 1542లో స్పెయినువారు పాత మాయా నగరం మీద కట్టారు. 1598లో పూర్తయిన పెద్ద చర్చి గోడల్లో రాళ్లు మాయా గుడులవే. అంగట్లో మాత్రం మనవాళ్ల ఇంట్లో ఉన్నట్టే ఉంది. బొప్పాయి, జామ, సీతాఫలం, ఎర్రగా గుట్టలు పోసిన మిరపకాయలు. ఇవన్నీ ఈ అమెరికా ఖండాల నుంచే పోర్చుగీసువారి కాలంలో మన దేశానికి వచ్చాయి. గుంటూరు మిరపకు ఇది పుట్టిల్లు. ఒక ముసలమ్మ దగ్గర గోధుమరంగు పండు చూపించి "సపోటా" అన్నాం. భాష ఏదీ కలవని ఆవిడ వెంటనే తల ఊపి "సపోతే!" అంది. మెక్సికోలోని నాహువా భాష నుంచి వచ్చిన మాట అది. మనకు పండుతో పాటు పేరు కూడా దిగుమతి అయింది.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీ చేసుకుని ప్రోగ్రెసో పక్కనే ఉన్న చిక్‌షులూబ్ అనే జాలరిపల్లెకు వెళ్లాం. చూడటానికి ఏమీ లేదు. వలలు, పడవలు, కొంగలు. మన నాగాయలంక ఒడ్డులాగే ఉంది. కాని దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, సుమారు పది కిలోమీటర్ల రాయి ఒకటి ఆకాశం నుంచి వచ్చి ఇక్కడ పడింది. 180 కిలోమీటర్ల గుంట చేసింది. రాక్షసిబల్లుల వంశం దానితో అంతరించింది. ఆ గుంట సున్నపురాయి కింద కప్పడిపోయి ఉంటే, 1978లో చమురు కోసం వెతుకుతూ గ్లెన్ పెన్‌ఫీల్డ్ అనే ఆయన దాని జాడ పట్టుకున్నాడు. 1991 నాటికి శాస్త్రజ్ఞులు నిర్ధారించుకున్నారు. అప్పుడు లేచిన ఉప్పెన తాలూకు ఇసుక పొరలు మన టెక్సాసులో బ్రేజోస్ నది ఒడ్డున ఇంకా కనిపిస్తాయి. సరిగ్గా ఆ యుగంలోనే దక్కనులో లావా పొంగి, వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చింది. పంగిడి క్వారీల్లో నల్లరాయి కొట్టేది ఆ లావానే. రెండు చివరలా మనకు చుట్టరికం ఉన్న ప్రళయం అది. ఆ ఒడ్డు నుంచి అమ్మకు మూడో ఫోను. "ఇంక ఒక్కటే కదా!" అంది.

శుక్రవారం ఎండ, నీళ్లు, నిద్ర. శనివారం ఉదయం ఏడింటికి గాల్వెస్టన్ చేరాలి. లేచి కిటికీ తెర తీస్తే బయట ఏమీ లేదు. సముద్రం లేదు, ఆకాశం లేదు. పాలలో ముంచినట్టు తెల్లగా ఉంది. చలికాలంలో గల్ఫు మీది వెచ్చని తేమగాలి, తీరం దగ్గరి చల్లని నీటి మీదకు వచ్చినప్పుడు ఇలాంటి పొగమంచు పడుతుంది. చమురు ఓడలు తిరిగే ఇరుకు కాలువ గనక, మంచు విడిచేదాకా రేవు మూసేశారని కెప్టెన్ చెప్పాడు. ఓడ రెండేసి నిమిషాలకు ఒకసారి కొమ్ము ఊదుతూ, మెల్లగా తీరానికి దూరంగానే తిరగసాగింది. ప్రమాదమేమీ లేదు. భోజనాలు యథాప్రకారం నడిచాయి.

కాని మేము "దిగగానే" చేయవలసిన ఫోను ఉంది. సెల్‌ఫోనుకు సంకేతం అందే దూరం కాదు. ఓడలో డబ్బు కట్టి వాడుకునే ఇంటర్నెట్ ఉన్నమాట నిజమే. వేలమంది ఒక్కసారిగా దాని మీద పడటంతో అది కదలలేదు. ఇక్కడ ఏడంటే అక్కడ సాయంత్రం ఆరున్నర. ఇక్కడ పదకొండయింది, అక్కడ రాత్రి పదిన్నర. మధ్యాహ్నం రెండయింది, అక్కడ అర్ధరాత్రి దాటింది. భీమిలి కుర్రాడు కాఫీలు తెచ్చిచ్చి, "అమ్మగారు పడుకునుంటారు సార్," అన్నాడు. పడుకోదని మాకు తెలుసు. శనివారం అని కూడా మాకప్పుడే తట్టింది. కొమ్ము ఊదినప్పుడల్లా ఇద్దరం ఒకసారి ఫోన్లు చూసుకునేవాళ్లం.

నాలుగింటికి మంచు పలచబడింది. గోడ సన్నని గీతలా కనిపించింది. ఫోనులో సంకేతం అందగానే నంబరు నొక్కాం. అవనిగడ్డలో తెల్లవారుజాము మూడున్నర. మొదటి గంటకే ఎత్తింది.

"వచ్చారా?"

వచ్చామన్నాం. మంచు సంగతి చెప్పాం. అవతల నుంచి కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలని, కళ్ల ముందు కనిపిస్తున్న గోడ గురించి, 1900 గురించి, ఊరిని పైకెత్తడం గురించి చెప్పుకొచ్చాం.

"ఆ కరకట్ట ఎంత ఎత్తు?" అని అడిగింది.

పదిహేడు అడుగులన్నాం.

"మాకు వచ్చిన నీళ్లూ అంత ఉంటాయి," అంది. ఆ తరువాత చెప్పింది. ఓడ రేవులోకి వస్తున్నంతసేపూ, మేము సామాను లాక్కుంటూ కస్టమ్స్ వరసలో జరుగుతున్నంతసేపూ, నలభై ఏళ్లు దాటిన మాటలు చెబుతూనే ఉంది. గడ్డివాము తాడు తీసి తాతయ్య తనను తాటిచెట్టుకు కట్టిన సంగతి. చెల్లెలిని రెండో చేత్తో పట్టుకున్న సంగతి. తాడు ఒక్కటే ఉండటం. మర్నాడు ఎండ కాసిన సంగతి, ఆ ఎండ ఎంత బాగుందో అనిపించిన సంగతి. చెల్లెలి పేరు మేము అప్పుడే మొదటిసారి విన్నాం. అనాథాశ్రమం తాడు గురించి మేము ఆమెకు చెప్పలేదు. ఎప్పటికైనా చెబుతామో లేదో తెలియదు.

వరసలో మా వెనక ఉన్నవారు ఎవరో పోయారనుకుని మమ్మల్ని ముందుకు వెళ్లమన్నారు. చెప్పడం ముగించి అమ్మ, "తెల్లారింది. పాలు వస్తాయి, పెట్టేస్తున్నాను," అంది. వేసవిలో వచ్చినప్పుడు ఆ కరకట్ట చూస్తానని తానే అంది. ఓడ మాట ఎత్తవద్దంది.

ఆ రాత్రే మూడు వందల మైళ్లు నడిపి ఇల్లు చేరాం. ఆదివారం రాత్రి డ్యూటీ ఉంది. వెళ్లదలచిన మిత్రులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం. చలికాలం వెళ్లేవారు తిరిగివచ్చే రోజున విమానమూ డ్యూటీ పెట్టుకోకండి. పొగమంచు ఎవరి మాటా వినదు. గది కింది అంతస్తులో, ఓడ నడుమ తీసుకుంటే ఊపు తక్కువ. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఓడల్లో వాంతులూ విరేచనాలూ చేతుల మీదుగానే పాకుతాయి. వడ్డించేవారిలో తెలుగువారు ఉంటే పలకరించండి, ఇంటి పాప కబురు అడగండి. గాల్వెస్టనుకు ఒకరోజు ముందే చేరి గోడ మీద నడవండి, ఆ ఫలకం చదవండి. ఇంటి దగ్గర పెద్దవారు ఉంటే రేవు రేవు నుంచీ ఫోను చేయండి. వారు చెప్పేది ఏదైనా ఉంటే, వరసలో చోటు పోయినా సరే, పూర్తిగా వినండి.